భీమిలి రోడ్డు మీద ఆగడానికి చోటేది?

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ రోడ్డు మీద పేపర్లో వార్త వచ్చినప్పుడల్లా వదలకుండా చదువుతాను. వెడల్పు చేసి ఎన్ని వరుసలు వెయ్యాలి, భోగాపురం కొత్త విమానాశ్రయానికి తీరం వెంబడి ఎంత తొందరగా చేరుకోవచ్చు, ఎన్ని నిమిషాలు కలిసొస్తాయి, ఎప్పుడూ ఇవే లెక్కలు. అవి తప్పని అనను, విమానం అందుకోవాల్సిన వాళ్ళకి నిమిషాలు ముఖ్యమే. కానీ సుమారు పాతిక కిలోమీటర్ల ఈ రోడ్డు మీద మనిషి ఎక్కడ ఆగాలి, ఆగితే ఏం చూడాలి, చూసినదాని గురించి రెండు ముక్కలు తెలుగులో ఎక్కడ చదువుకోవాలి అన్నది మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. నేను అడగదలచుకున్నది అదొక్కటే.

నేను విశాఖలో పుట్టి పెరిగినవాణ్ణి. ఈమధ్య మా చెల్లెలు, బావగారు, వాళ్ళ ఇద్దరు పిల్లలు హైదరాబాద్ నుంచి వచ్చారు. భీమిలి చూడాలన్నారని సాయంత్రం కారు తీశాను. ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి ఎక్కడా ఆపకుండా గంట లోపే భీమిలి చేరిపోయాం. దిగాం, అలల్లో కాళ్ళు తడుపుకున్నాం, చీకటి పడింది. తిరిగొచ్చేటప్పుడు మా మేనకోడలు, పన్నెండేళ్ళ పిల్ల, "ఇంతేనా మావయ్యా?" అంది. పాపం ఏ ఉద్దేశంతోనూ అనలేదు, చూసింది అంతే కాబట్టి అడిగింది. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ పిల్ల కారు అద్దంలోంచి రెండు వేల ఏళ్ళ చరిత్ర దాటుకుంటూ వెళ్ళిందని నాకు తెలుసు, ఆపి చూపించకపోవడం నా తప్పే. మర్నాడు పొద్దున్న ఆరింటికే అందరినీ లేపి మళ్ళీ అదే రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. ఈసారి ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. అదే పాతిక కిలోమీటర్లు.

ముందుగా ఆర్కే బీచ్‌లోనే నిలబెట్టి దక్షిణం వైపు చూడమన్నాను. అక్కడ యారాడ కొండ, అందరూ డాల్ఫిన్ నోస్ అనేది, సముద్రంలోకి చొచ్చుకొచ్చి ఒక్కసారిగా తెగిపోయినట్టు నిలబడి ఉంటుంది. ఆ కొండ అడ్డు ఉండబట్టే దాని చాటున హార్బరు వచ్చింది. మన తూర్పు తీరం చాలామటుకు చదునైన నేల, కృష్ణా గోదావరుల డెల్టాల దగ్గర సముద్రం ఎక్కడ మొదలైందో కూడా తెలీదు, అలాంటిది తూర్పు కనుమలు ఇలా నీళ్ళ దాకా నడిచొచ్చేది విశాఖ చుట్టుపక్కలే. ఈ కొండల రాయికి ఖోండలైట్ అని పేరు. మన ఏజెన్సీలోనూ ఒడిశాలోనూ ఉండే ఖోండు జనం పేరు మీద పెట్టిన పేరు అది. కైలాసగిరి కింద రోడ్డు కోసం కొండని కోసిన చోట ఆ రాయి తుప్పు రంగులో కనిపిస్తుంది, దగ్గరికెళ్ళి చూస్తే లోపల ఆవగింజంత ఎర్రటి గార్నెట్ పలుకులు మెరుస్తుంటాయి. ఇది గుర్తుపెట్టుకోండి, భీమిలిలో మళ్ళీ వస్తుంది.

కురుసుర జలాంతర్గామి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన ఓడ, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా ఉంది, బోర్డులున్నాయి, టికెట్ ఉంది, టాయిలెట్లున్నాయి. అంటే తల్చుకుంటే మనకి చేతనవుతుందన్నమాట. కానీ ఇదే ఒడ్డున రెండో ప్రపంచ యుద్ధం నాటి కాంక్రీటు పిల్‌బాక్స్, అంటే సైనికులు లోపల దాక్కుని కాల్పులు జరిపే చిన్న గది, ఉంటే దాన్ని ఏదో పాత నీళ్ళ ట్యాంకు అనుకుని వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. మా నాయనమ్మ చెప్పేది, ఆ తర్వాత జనం మూటాముల్లే సర్దుకుని బళ్ళు కట్టుకుని ఊళ్ళకి పోయారని. పిల్లలకి ఆ మాట చెబితే నోళ్ళు తెరుచుకుని విన్నారు. మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు, "మన వైజాగ్ మీదా?" అని మూడుసార్లు అడిగాడు.

తెన్నేటి పార్కు, ఋషికొండ దగ్గర మామూలుగానే ఆగాం. శుభ్రంగా, క్షేమంగా ఉండే బీచ్‌లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో ఋషికొండకి వచ్చింది, అక్కడ స్నానానికి హద్దులు గీసి లైఫ్‌గార్డులని పెట్టారు. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎక్కువ, ఒడ్డు నుంచి చూస్తే అల చిన్నదిగానే ఉంటుంది గానీ కాళ్ళ కింద ఇసుక జారిపోతుంది. బయటి నుంచి వచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలీదు. దయచేసి మిగతా చోట్ల నీళ్ళలోకి దిగకండి అని మీ పత్రిక ద్వారా కూడా చెబుతున్నాను.

అసలు కష్టం మంగమారిపేట దగ్గర మొదలైంది. అక్కడ ఒడ్డున రాతిలో సహజంగా ఏర్పడిన తోరణం ఒకటుంది. అల కొట్టి కొట్టి బండ మధ్యలో ఖాళీ పడింది. సముద్రం వెనక్కి తగ్గే ఆటు సమయంలో దగ్గరిదాకా నడిచి వెళ్ళచ్చు. కారు ఎక్కడ ఆపాలో తెలీక వంపు దాటాక మట్టి అంచున ఆపాను. పిల్లాడు నేను చెప్పేలోపే రోడ్డు వైపు తలుపు తెరిచాడు. వెనకాలే వస్తున్న లారీ హారన్ కొట్టుకుంటూ ఆ తలుపుకి జానెడు దూరంలో పోయింది. మా చెల్లెలు వాడి చొక్కా పట్టుకుని లోపలికి లాగింది. ఆ తర్వాత ఐదు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు, నాకైతే స్టీరింగ్ మీద చేతులు వణుకుతూనే ఉన్నాయి. లారీ డ్రైవర్ని నేనేమీ అనను, అతను తన దారిన వెళ్తున్నాడు. నేను ఆపాల్సింది అక్కడ కాదు. కానీ ఇంకెక్కడ ఆపాలి? వంపుకి ఇవతల గానీ అవతల గానీ నాలుగు కార్లు రోడ్డు దిగి నిలబడే జాగా, అటు దాటడానికి ఒక గీత, ముందే చెప్పే ఒక బోర్డు, మాకు ఏదీ కనపడలేదు. రోడ్డు వెడల్పు చేస్తే బళ్ళు ఇంకా వేగంగా వెళ్తాయి. అప్పుడు ఆగేవాడి గతేమిటి?

తర్వాత తొట్లకొండ ఎక్కాం. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోకండి, నాకు ఈ రోడ్డు మొత్తం మీద ఎక్కువ ఇష్టమైన చోటు ఇదే. 1976లో నేవీ వాళ్ళు తమ అవసరాల కోసం సర్వే చేస్తుంటే ఇక్కడ ఏదో ఉందని బయటపడింది. 1988 నుంచి ఐదేళ్ళ దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున, సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధారామం మొత్తం దొరికింది. మహాస్తూపం, చైత్యాలనే ప్రార్థనా మందిరాలు, భిక్షువుల గదులు వరసగా, అందరూ కలిసి తినే భోజనశాల, బ్రాహ్మీ శాసనాలు, శాతవాహనుల సీసం నాణేలు, రోమ్ నుంచి వచ్చిన వెండి నాణేలు. రోమ్ నాణెం మంగమారిపేట కొండ మీద దొరికిందంటే ఈ తీరానికి ఎంత దూరం నుంచి ఓడలు వచ్చేవో చూడండి.

పేరు తొట్ల వల్లే వచ్చింది. బండని తొలిచి వాన నీళ్ళు పట్టుకోవడానికి చేసిన తొట్లవి. మేము వెళ్ళేసరికి ఒక దాంట్లో నీళ్ళున్నాయి. పిల్లలిద్దరూ అంచున బోర్లా పడుకుని లోపలికి చూశారు. గోడ మీద ఉలి దెబ్బలు ఇప్పటికీ తెలుస్తాయి, ఒకదాని పక్కన ఒకటి, కొంచెం ఏటవాలుగా, అన్నీ ఒకే వైపుకి. మా మేనకోడలు వాటి మీద వేలు పెట్టి, "కుడిచేతి వాటం మనిషి అయ్యుంటాడు మావయ్యా" అంది. నేను ఇన్నేళ్ళుగా అక్కడికి వెళ్తున్నాను గానీ నాకెప్పుడూ ఆ ఆలోచన రాలేదు. మనిషి పేరు తెలీదు, ఏ ఊరివాడో తెలీదు, కొండ నెత్తిన నీళ్ళు లేకపోతే బతకలేమని తెలిసి రాయిని తొలిచాడు, ఆ తొట్టిలో ఈ ఏడాది పడ్డ వాన కూడా నిలిచింది.

అక్కడ నా బాధ ఏమిటంటే, ఇంత చోటుకి వచ్చిన మనిషికి ఏది ఏమిటో చెప్పేవాళ్ళు లేరు. మేమున్న గంటసేపట్లో నాలుగైదు జంటలు, ఒక కాలేజీ గుంపు వచ్చారు. అందరూ సముద్రం వెనక వచ్చేలా ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. వాళ్ళని తప్పుపట్టను. ఒక కుర్రాడు నన్ను, "అంకుల్, ఇది కోటా?" అని అడిగాడు, చెబితే చాలా శ్రద్ధగా విన్నాడు, స్నేహితుల్ని కూడా పిలిచి మళ్ళీ చెప్పించుకున్నాడు. వినే మనసు వాళ్ళకి ఉంది. భోజనశాల దగ్గర "ఇక్కడ భిక్షువులు కలిసి కూర్చుని తినేవారు" అని పెద్ద అక్షరాల్లో, తెలుగులో, ఎండకి వెలిసిపోని రంగుతో రాసిపెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? 2019 అక్టోబరు వానలకి అక్కడ పునరుద్ధరించిన మహాస్తూపం కూలింది, మీ పాఠకులకి గుర్తుండే ఉంటుంది. కట్టినది కూలితే మళ్ళీ కట్టచ్చు గానీ, అదేమిటో జనానికి తెలీకుండా పోతే దాని గురించి అడిగేవాళ్ళు కూడా ఉండరు.

దగ్గర్లోనే బావికొండ. అక్కడ బావుల పేరు, ఇక్కడ తొట్ల పేరు, మనవాళ్ళు కొండకి పేరు పెట్టాలన్నా ముందు నీళ్ళనే చూశారు. 1980ల్లో జరిగిన తవ్వకాల్లో అక్కడ ధాతుపేటిక, అంటే అస్థికలు దాచే పెట్టె, దొరికింది, అందులోవి బుద్ధుడి ధాతువులే అయ్యుంటాయని నమ్మేవాళ్ళు ఉన్నారు. అక్కడ మేము ఎక్కువసేపు ఉండలేదు, ఎండ ముదిరింది, పిల్లలకి దాహం, తాగడానికి నీళ్ళు దొరకలేదు.

భీమిలికి ముందు ఎర్రమట్టి దిబ్బలు. సినిమా పాటల్లో చూసి చాలామందికి తెలుసు, కానీ అవి ఎలా వచ్చాయో తెలిసినవాళ్ళు తక్కువ. వేల ఏళ్ళ కిందట సముద్రమట్టం బాగా తగ్గి ఒడ్డు ఇంకా దూరంగా ఉన్న రోజుల్లో, బయటపడ్డ ఇసుకని గాలి మోసుకొచ్చి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలోని ఇనుము గాలికీ తేమకీ తుప్పు పట్టి రేణువు రేణువుకీ ఎర్రటి పూత పట్టింది. ఆ తర్వాత వానలు దాన్ని కోసి కోసి లోయలు చేశాయి. ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు దక్షిణాసియాలో ఇంకా తమిళనాడులోనూ శ్రీలంకలోనూ తప్ప పెద్దగా లేవు. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. ఆ వార్త చదివిన రోజు నేను నిజంగా పండగ చేసుకున్నాను.

లోయలోకి దిగితే రెండు పక్కలా గోడలు, మనిషి కంటే ఎత్తు, కొన్ని చోట్ల రెండంతస్తుల మేడంత. చూడ్డానికి బండలా ఉంటుంది గానీ అరచెయ్యి ఆనిస్తే చాలు, పొడిపొడిగా రాలుతుంది. నేను చెయ్యి తీశాక నా అయిదు వేళ్ళ గుర్తూ గోడ మీద ఉండిపోయింది, అరచేతికి ఎర్రటి పిండి అంటింది. అంత సున్నితమైన చోట జనం తాళం చెవులతో పేర్లు చెక్కారు, బైకులు తోలిన చారలు గోడ మొదలు దాకా ఉన్నాయి. పైన గడ్డీ మొక్కల వేళ్ళూ పట్టుకుని ఉన్నంతసేపే ఆ గోడ నిలబడుతుంది, అంచు మీద నడిచి ఆ గడ్డి తొక్కేస్తే వచ్చే వానకి అక్కడ కొత్త గండి పడుతుంది. 2024లో ఈ దిబ్బల దగ్గరే యంత్రాలు పెట్టి నేల చదును చేస్తున్నారని పత్రికల్లోనే చదివాం. వేల ఏళ్ళు పట్టి గాలి పోసిన ఇసుక పొక్లెయిన్ పెడితే ఒక్క పూటలో లేకుండా పోతుంది. అందుకే రోడ్డు వెడల్పు అన్న మాట వినగానే నాకు ముందు ఈ దిబ్బలే గుర్తొస్తాయి. దిబ్బల వైపుకి ఒక్క అడుగు కూడా జరపకుండా రోడ్డు వేస్తామని ఎవరైనా గట్టిగా చెబితే బాగుండు. అటు సముద్రం వైపుకి జరుపుతామా అంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ రోడ్డుని ఏం చేసిందో విశాఖవాళ్ళెవరూ మర్చిపోలేదు. తారు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, కొన్ని చోట్ల అంచులే మిగల్లేదు. రోడ్డు ఇటు జరగకూడదు, అటు జరగడానికి వీల్లేదు. అలాంటప్పుడు ఈ రోడ్డుని ఉన్నంతలో నెమ్మదిగా వెళ్ళే రోడ్డుగానే ఉంచి, విమానాశ్రయం తొందర ఉన్నవాళ్ళని లోపలి నుంచి వెళ్ళే జాతీయ రహదారి మీదికి పంపడం మంచిదని నా అభిప్రాయం. ఇంజనీర్లు ఒప్పుకోకపోవచ్చు, వాళ్ళ లెక్కలు వాళ్ళు చెబితే వినడానికి నేను సిద్ధమే.

మధ్యాహ్నం భీమిలి చేరాం. గోస్తని నది సముద్రంలో కలిసే చోటు అది. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు వర్తకానికి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, 1824లో ఇంగ్లీషువాళ్ళతో కుదిరిన ఒప్పందం తర్వాత ఊరు వాళ్ళకి వదిలేసి వెళ్ళారు. మన పెద్దలు డచ్చివాళ్ళని వలందులు అనేవారు, మచిలీపట్నంలో వలందపాలెం అన్న పేరు అలా వచ్చిందే. వాళ్ళు పోయినా వాళ్ళ సమాధులు భీమిలిలో ఉన్నాయి. రాళ్ళ మీద డచ్చి భాషలో చెక్కిన అక్షరాలు, ఉప్పుగాలికి సగం అరిగిపోయి, చూపుకి అందకపోయినా వేలితో తడిమితే తెలుస్తాయి. మా మేనకోడలు ఒక రాతి మీద అక్షరాలు ఒక్కొక్కటీ తడుముతూ నోట్‌బుక్‌లో ఎక్కించుకుంది. అర్థం మాకెవరికీ తెలీలేదు. పిల్లాడు మాత్రం, "వీళ్ళ వాళ్ళెవరైనా చూడ్డానికి వస్తారా మావయ్యా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాళ్ళ మీద ఏం రాసుందో తెలుగులో ఒక పలక చెక్కించి పక్కన పెడితే, కనీసం మనమైనా చదివి రెండు నిమిషాలు నిలబడతాం కదా.

సాయంత్రం ఒడ్డున కూర్చున్నప్పుడు చూస్తే తడి ఇసుక మీద నల్లటి చారలు, వాటి అంచున లేత గులాబీ రంగు. నలుపు ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలది. ఆ గులాబీ రంగు గార్నెట్, పొద్దున్న కైలాసగిరి కింద రాయిలో పిల్లలకి చూపించిందే. కొండ అరిగి, వాగుల్లో కొట్టుకొచ్చి, అలలు జల్లెడ పట్టినట్టు వేరుచేసి ఇక్కడ పరిచాయి. చిటికెడు తీసి పిల్లాడి అరచేతిలో పోసి పొద్దుటి రాయిని గుర్తుచేశాను. వాడు ఇల్లు చేరేదాకా ఆ పిడికిలి విప్పలేదు.

కాబట్టి అధికారులకి నా మనవి ఇదీ. వెడల్పు సంగతి తేల్చేముందు, మంగమారిపేట దగ్గర, దిబ్బల దగ్గర, రోడ్డు దిగి క్షేమంగా బండి ఆపుకునే జాగాలు చెయ్యండి. ప్రతి చోటా తెలుగులో చదవగలిగే బోర్డు పెట్టండి, అందులో చరిత్ర నాలుగు వాక్యాలు చాలు. తాగే నీళ్ళు, ఆడవాళ్ళకి టాయిలెట్ ఉండాలి, మా చెల్లెలు పొద్దుట్నించి సాయంత్రం దాకా ఎంత ఇబ్బంది పడిందో నాకు తెలుసు. దిబ్బల్లోకి బళ్ళు వెళ్ళకుండా అడ్డు కట్టండి, నడిచేవాళ్ళకి ఒక్కటే దారి చూపండి. చలికాలం చివర్లో ఈ ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి తాబేళ్ళు వస్తాయి, ఆ నెలల్లో రాత్రిపూట ఒడ్డు వైపు పడే దీపాల వెలుగు తగ్గించండి. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు, ఆరు వరుసల రోడ్డుతో పోలిస్తే అసలు ఖర్చే కాదు.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. జిల్లా పేజీలో వారానికొకటి చొప్పున ఈ చోట్ల గురించి చిన్న వ్యాసాలు వెయ్యండి. బళ్ళో టీచర్లు కత్తిరించి పిల్లలకి చదివిస్తారు.

ఆ రోజు భీమిలి దగ్గరి పావురాలకొండ ఎక్కడం కుదరలేదు. అక్కడా రాతిలో తొలిచిన తొట్లున్నాయని చెబితే మా మేనకోడలు నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆ తొట్లలో కూడా ఉలి దెబ్బలు ఒకే వైపుకి ఉన్నాయో లేదో చూడాలట. వేసవి సెలవులకి మళ్ళీ వస్తారు. అప్పటికి కింద రోడ్డు మీద ఆ కొండకి దారి చూపే బోర్డు ఒకటి ఉండేలా చూడమని సంబంధిత అధికారులని మీ ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశాఖపట్నం